బంతిలో వలపక్షం

(పద్నాలుగో వారం)

పోయిన వారం హైమ చేతిలో ఒక రిపోర్టు పెట్టి, ఆమె కాళ్ల కింద నేల లాగేసి, మనం హాయిగా పేజీ తిప్పేసుకున్నాం. ఆ పిల్ల మాత్రం ఇంకా అక్కడే ఉంది. కథ మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నౌపడ ఉప్పుమడుల అవతల ఒక చిన్న వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఝాన్సీ అనే అమ్మాయి గట్టు మీద పెరిగే ఒక నాటు వరిని పట్టుకుని నాలుగేళ్లు పని చేసింది. ఉప్పునీళ్లు తగిలినా ఆ వరి ఎండదు. ఆకులో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకుని బతికేస్తుంది. ఎక్కడ తయారు చేసుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది అన్నదే ఝాన్సీ ప్రశ్న. మొక్క కణం ఒకే గది ఉన్న ఇల్లు కాదు. హరితరేణువు వంటిల్లనుకుంటే రిక్తిక గాదె. ఏ గదిలో ఏం జరుగుతోందో తెలియాలంటే ఒకటే దారి. మామూలు నత్రజని కంటే రవంత బరువున్న నత్రజనిని మొక్కకు పోసి, మూడు రోజులాగి ఆకు నూరి, గదులు విడదీసి, ఆ బరువు ఏ గదిలో తేలిందో చూడాలి. ఒక వరసకు బరువుది, ఒక వరసకు మామూలుది. రెండు వరసల మధ్య తేడాయే ఫలితం. రెండో వరస చెడిందంటే అంతా చెడినట్టే.

తొమ్మిది నెలల కిందట ఝాన్సీ నౌపడ స్టేషను దగ్గర లారీ గుద్ది చనిపోయింది. మరో పదిహేను రోజులకు గైడు దేవేంద్ర గారు ఆమె వ్యాసాన్ని విదేశీ పత్రికకు పంపారు. అచ్చయింది, పొగడ్తలూ వచ్చాయి. ఆ తర్వాత ఎక్కడో ఎవరికో ఆ ఫలితం మళ్లీ రాలేదు. చేసి చూపించమని పత్రిక వాళ్లు అడిగారు. చేయడానికి మిగిలింది ఝాన్సీ స్నేహితురాలు హైమ. బొబ్బిలి బజారులో కిరాణా కొట్టు వారి అమ్మాయి, తూకంలో తేడా వస్తే నిద్ర పట్టని ఇంట్లో పుట్టిన పిల్ల.

పాపం, అంత జాగ్రత్తగానూ చేసింది. బరువు నత్రజని దాచిన బీరువా తాళంచెవి మెడలో గొలుసుకు కట్టుకుని తిరిగింది. అయినా రిపోర్టులో ఏమొచ్చింది? బరువు నత్రజని ఒక్క చుక్క తాకని రెండో వరసలో, ఆరు మొక్కలకు ఆరింటిలోనూ, బరువు నత్రజని ఉంది. ప్రకృతిలో వెయ్యికి నాలుగు దాటనిది అరవై రెండు ఉంది. అక్కడ ఆపాం మనం.

ఇప్పుడు శనివారం సాయంత్రం నాలుగు దాటింది.

బల్ల మీద ఉత్తరం ఉంది. దేవేంద్ర గారు తయారు చేసి పంపినది. ‘నా నిర్లక్ష్యం వల్ల రెండో వరస మొక్కలు కలుషితమయ్యాయి. మునుపటి ఫలితాన్ని శంకించడానికి ఎలాంటి ఆధారమూ కనిపించలేదు’ అని ఇంగ్లీషులో నున్నగా రాసి, కింద హైమ పేరు కొట్టి, సంతకానికి చోటు వదిలారు. నాలుగున్నరకు నౌపడ చేరే పాసింజరులో చీపురుపల్లి నుంచి తానే వస్తానన్నారు.

"నీకింకా వయసుంది హైమా," అన్నారాయన ఫోనులో, గొంతు తగ్గించి. "ఆ అమ్మాయికి ఈ వ్యాసం తప్ప ఈ లోకంలో ఏం మిగిలింది చెప్పు?"

ఆ మాట హైమకు గుచ్చుకుంది. విజయనగరంలో ఝాన్సీ వాళ్లమ్మ బుజ్జమ్మ గారు ఆ వ్యాసం మొదటి పేజీకి అద్దం కట్టించి కూతురి ఫొటో పక్కన తగిలించారు. పొద్దున్నే ఫొటోకు బొట్టు పెట్టి, అదే వేలితో కాగితం అద్దానికీ పెడతారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అందులో కూతురి పేరు ఎక్కడుందో మాత్రం తెలుసు.

ఉత్తరం మీద సంతకం పెడితే హైమ ఆరేళ్ల చదువు మట్టిలో కలుస్తుంది. నిర్లక్ష్యం అని తానే రాసిచ్చిన మనిషికి డాక్టరేటు ఎవరిస్తారు? పెట్టకపోతే ఝాన్సీ దొంగ లెక్కలు రాసిందన్న మాట నిలబడిపోతుంది. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి కాదని చెప్పదు. పొద్దున్న లేచేసరికి హైమ సంతకం పెట్టేద్దామనే నిర్ణయించుకుంది. ఇంతవరకూ పెట్టలేదు, అంతే.

ఎందుకు పెట్టలేదో చెబితే మీరు నవ్వకూడదు. భయం వల్ల.

ఝాన్సీ బతికుండగా పని నేర్పుతూ తన గొంతుతో ముప్పై ఒక్క చిన్న ముక్కలు ఫోనులో రికార్డు చేసి పంపింది. ఆకు ఎలా నూరాలి, ఐసు ఎంత వెయ్యాలి, గుజ్జును యంత్రంలో ఎంతసేపు తిప్పాలి, అన్నీ. ఈ మూడు నెలలూ హైమ ఆ గొంతు వింటూనే పని చేసింది. ‘తొందరపడకే బాబూ, హరితరేణువు చితికిందంటే వంటింటి సామానంతా వీధిలో పడ్డట్టే’ అని చెవిలో నవ్వుతుంది ఝాన్సీ. నవ్వు ఆగాక వెనక నుంచి ఉప్పుగాలి మొక్కల నెట్‌హౌస్ వలను కొడుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ చప్పుడు ఫోనులోదో బయటిదో హైమకు ఒక్కోసారి తెలిసేది కాదు. సొరుగుల మీద, డబ్బాల మీద, ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఝాన్సీ చేతిరాతే. ‘ముట్టుకుంటే చంపుతా’ అని రాసుంది ఒకదాని మీద. ఎవరూ చెరిపే ధైర్యం చెయ్యలేదు.

అసలీ బరువు నత్రజనికి ఇక్కడి పేరే వేరు. మొక్కలకు నీళ్లు పట్టే జగ్గమ్మ అదేమిటని అడిగితే, ఝాన్సీ ఆలోచించి "బరువు గాలి" అని చెప్పింది. నత్రజని గాలే కాబట్టి తప్పేమీ లేదు. కానీ ఆ మాట ఊళ్లోకి వెళ్లేసరికి ‘ఆ సెంటరులో మొక్కలకి గాలి పట్టిస్తన్నారంట’ అని మారింది. గాలి సోకడమంటే ఇక్కడ ఏమిటో మీకు తెలియనిది కాదు. ఝాన్సీ పోయాక ఆ మాటకు కాళ్లొచ్చాయి. హైమ అప్పట్లో పడీపడీ నవ్వింది. ఇప్పుడు తాళం వేసిన బీరువా, మెడలో తాళంచెవి, వెయ్యికి అరవై రెండు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

గ్లాసుతో నీళ్లు తాగి కిటికీ దగ్గర నిలబడిందో లేదో, నెట్‌హౌస్ లోంచి గొంతు వినిపించింది.

"తిన్నారా తల్లుల్లారా?"

హైమ ఒళ్లు గగుర్పొడిచింది. అది ఝాన్సీ మాట. పొద్దున్న నెట్‌హౌస్ తలుపు తీయగానే మొక్కల్ని అలాగే పలకరించేది. హైమ గ్లాసు ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు. చెప్పులు లేకుండానే కాలే ఇసుక మీద నడిచి వల తలుపు పక్కకు తోసింది.

రెండో వరస ముందు జగ్గమ్మ గొంతుక్కూర్చుని ఉంది. అరవై దగ్గర పడిన మనిషి. బొడ్డులో చీర కుచ్చిళ్లు దోపుకుని, వేళ్లతో వరి ఆకుల్ని నిమురుతోంది.

"ఈపాలి మీకూ అందినాది కదా," అంటోంది మొక్కలతో. "ఇంక మీకు ఏడుపు నేదు."

హైమ బుర్ర పని చెయ్యడం మొదలెట్టింది.

"ఏటందింది అత్తా?"

జగ్గమ్మ అదిరిపడి వెనక్కి తిరిగింది. "అమ్మో! ఏటమ్మా, సప్పుడు నేకుండా ఇలగొచ్చీసినావు? గుండాగిపోనాది."

"నా గుండె ఎప్పుడో ఆగింది. ఏటందిందో చెప్పు."

"ఏటీ నేదు. ముసల్దాన్ని, ఏదో అనుకుంతన్నాను." లేవబోయింది.

హైమ ఆమె భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టి, తానూ ఎదురుగా మట్టిలో చతికిలబడింది. "అత్తా, ఇంకో గంటలో నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే నా చదువు పోతాది. పెట్టకపోతే ఝాన్సీ పేరు పోతాది. ఈ వరసలోకి బరువు గాలి ఎలా వచ్చిందో తెలీక చస్తన్నాను. ఝాన్సీయే తిరుగుతోందనుకున్నాను నేను, తెలుసా? చదువుకున్నదాన్ని, సిగ్గు లేకుండా అలాగే అనుకున్నాను."

జగ్గమ్మ ముఖం చూస్తే ఎవరైనా జాలిపడతారు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూసింది.

"ఝాన్సమ్మ కాదమ్మా," అంది చివరికి. "నానే పోసినాను."

హైమ రెండో వరస వైపు తిరిగి ఆరు మొక్కలనూ ఒక్కొక్కటిగా చూసింది.

"నువ్వు తిట్టినా సరే, కొట్టినా సరే. పదకొండేళ్లు బళ్లో మద్దినేల బువ్వ ఒండినాను నాను. పిలగాయల్ని రెండు బంతులు కూకోబెట్టి, ఓ బంతికి గుడ్డేసి ఓ బంతికి ఎయ్యకపోతే ఆ గరిటి పట్టిన సెయ్యి ఉంటాదేటి? బంతిలో వలపక్షం సేసినోలకి పుట్టగతులుంటాయా? మీరు సదువుకున్నోలు. ఈ వరసకేమో మంచి గాలి పోత్తారు. ఆ వరసకేమో ఉత్త నీల్లు. ఉప్పు మాత్రం రెండిటికీ సమానంగా పోత్తారు. కట్టం ఇద్దరికీని, కూడు ఒకలికీనా?"

నవ్వాలో ఏడవాలో హైమకు తెలియలేదు, కాబట్టి రెండూ చేసింది. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయమైనా ఇలాంటి తప్పు జరుగుతుందని ముందుగా ఊహించి నియమాలు రాస్తుందా? దొంగతనానికి తాళముంది, పొరపాటుకు లెక్కల పుస్తకముంది. సమానంగా వడ్డించే చేతికి ఏ తాళం వేస్తారు? ఆ రెండో వరసకు తాము పోసేది కూడా నత్రజనే, మామూలుది, అని చెబుదామనుకుని ఊరుకుంది. మూడు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దయ్యమూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. ఒక పెద్ద మనసు, అంతే. ఉత్తరం చింపెయ్యొచ్చు. జరిగింది జరిగినట్టు రాసి, మళ్లీ నాటుకుని, మళ్లీ చేసుకోవచ్చు.

"ఎప్పటినుంచి అత్తా ఈ వడ్డన?" అంది కళ్లు తుడుచుకుంటూ. ఊరికే అడిగింది.

"మొదట్నుంచీనమ్మా. ఝాన్సమ్మ మొదటిపాలి నాటిందగ్గర్నుంచీ. పోసినాక కప్పు అడుగున రవంత మిగిలీది. పారబొయ్యమనీది. పారబొయ్యలేక ఈ బంతికి పంచీసీదాన్ని."

హైమ చేయి కళ్ల దగ్గరే ఆగిపోయింది.

మొదట్నుంచీ.

వ్యాసంలో నాలుగో పట్టిక కళ్ల ముందుకొచ్చింది. అచ్చుకు వెళ్లేముందు దానికి గీతలు సర్దింది తానే. రెండో వరస, ఆరు మొక్కలు. వెయ్యికి మూడు పాయింటు అరవై ఆరు. మొదటి మొక్కకు అంతే, రెండో మొక్కకు అంతే, ఆరో మొక్కకూ అంతే. ఎంత శుభ్రంగా వచ్చిందో అని అప్పుడు ముచ్చటపడింది. ఏ యంత్రమైనా ఆరు మొక్కలకు ఆరూ అచ్చుగుద్దినట్టు ఒకే అంకె ఇస్తుందా? అది యంత్రం ఇచ్చిన అంకె కాదు. పాఠ్యపుస్తకంలో ఉన్న అంకె. జగ్గమ్మ మొదటి నుంచీ పోస్తూ ఉంటే ఆ మొక్కల్లో బరువు గాలి ఉండి తీరాలి. లేదని రాసి ఉందంటే, ఎవరో కొలవకుండా రాశారు, లేదా కొలిచి దాచారు.

ఇదేం ఖర్మ? తనను కాపాడిన మాటే ఝాన్సీని ముంచింది. మూడు నెలలుగా ఎవరి గొంతు పట్టుకుని ఐసు వేసిందో, ఆకు నూరిందో, ఆ మనిషి దొంగ అంకె రాసిందా? ఝాన్సీ మీద ఇంత కోపం వస్తుందని హైమ ఎప్పుడూ అనుకోలేదు. చచ్చిపోయినవాళ్ల మీద కోపమొస్తే ఎక్కడికి వెళ్లి అరవాలి?

"ఝాన్సీకి తెలుసా అత్తా?" అని అడిగింది.

"తెలకేటి? ఓరోజు సూసీసినాది."

"ఏమంది?"

"ముందు తల పట్టుకోని ఇక్కడే కూకున్నాది. సేనా సేపు. నాను కాళ్లట్టుకుందునా అనుకున్నాను. మరేటో, నవ్వీసినాది. ‘అత్తా, నా నాలుగేళ్లకీ బువ్వెట్టీసినావే’ అన్నాది. అప్పుడు సెప్పినాది నాకు, ఒకలు తిని ఒకలు తినకుంటేనే, తిన్నోలి కడుపులో ఏది ఎక్కడికెల్లిందో తెలస్తాదని. మరి ముందే సెప్పొచ్చు కదేటి? ఎవులూ సెప్పనేదు నాకు." జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేచి మొకం కడుక్కోని, మద్దినేల బండికి సారింటికెల్లినాది."

"సారింటికా? ఎప్పుడు?"

"ఇంకెప్పుడమ్మా? ఆ రోజే."

గాలికి వల ఒకసారి ఉబ్బి మళ్లీ సాగింది. హైమ మోకాళ్ల మీద ముందుకు జరిగింది.

"అత్తా, జాగ్రత్తగా చెప్పు. సాయంత్రం బండికి వస్తానంది, స్టేషనుకు పోతూ దారిలోనే పోయింది, నా దగ్గరికి రానేలేదు, అని కదా సార్ చెప్పారు? పోలీసులకీ అదే చెప్పారు."

"సారు పెద్దోలు. అలగన్నారని నానూ ఇన్నాను. కానీ ఆ గుంట సీపురుపిల్లి టేసన్నుంచి నాకు ఫోను సేసినాది కదమ్మా. ‘సారుకి సెప్పీసినాను అత్తా, కయితం పంపొద్దన్నాను. రేపు రెండు వరసలూ పీకీసి మళ్లీ నాటదాం, నువ్వు మాత్రం ఎవులికీ బువ్వెట్టకు’ అని నవ్వినాది. బండి దిగి ఇటొస్తంటేనే ఆ లారీ..."

జగ్గమ్మ తల గేటు అవతల రోడ్డు వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవులడిగినారు? నీల్లు పట్టీదాన్ని ఎవులడుగుతారు?" కన్నీళ్లు తుడుచుకోలేదు ఆమె. "నాను ఆ నీల్లు పొయ్యకపోతే ఆ గుంట ఆ రోజు బండెక్కునా? ఎల్లునా? నానే సంపీసినాను ఆ పిల్లని. పొద్దున్నే ఇక్కడికొచ్చి ఆ గుంట మాటే అంతన్నాను, ‘తిన్నారా తల్లుల్లారా’ అని. ఆ మాట ఇంటే వస్తాదేమోనని."

హైమ ఆమెను దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు తప్పు చేశానని, ఒకరు తప్పుగా అనుకున్నానని. ఝాన్సీ దాచలేదు. తెలిసిన రోజే, తెలిసిన పూటే రైలెక్కి వెళ్లి చెప్పింది. నాలుగేళ్ల పనిని తన చేత్తోనే పీకేద్దామనుకుంది. ఆ పిల్లను, ఇప్పుడే, ఒక్క నిమిషం పాటైనా, దొంగ అనుకుంది తను. ఆ సిగ్గు మనసును కాల్చేసింది.

పంపొద్దని ఆమె చెప్పిన వ్యాసం పదిహేను రోజులకు వెళ్లింది. అందులో ఆరు మొక్కల పక్కన పాఠ్యపుస్తకం అంకె ఉంది. చెప్పింది ఎవరితోనో ఆ మనిషి చీపురుపల్లి నుంచి బయల్దేరి వస్తున్నాడు, హైమ సంతకం కోసం.

గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. కొలతలన్నీ చూసుకున్నాకనే ఏదైనా నమ్మే అలవాటు హైమది, బొబ్బిలి కొట్టులో అబ్బింది. అంత ఏడుపులోనూ ఒక లెక్క తేలలేదు.

"అత్తా," అంది ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని. "ఝాన్సీ వద్దన్నాక నువ్వు మానేశావు కదా?"

"ఒట్టు. కప్పు అడుగుది మళ్లీ ముట్టనేదు."

"నేనూ ఈసారి కప్పు అడుగున చుక్క మిగల్చలేదు. తూచి, మొత్తం మొదటి వరసకే పోసి, కప్పు నేనే కడిగాను. తాళం నా మెడలోనే ఉంది. మరి ఈ వరసకు పోసింది నీకెక్కడిది?"

జగ్గమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇంత తెలిసినదానివి ఇది తెలియదా అన్నట్టు.

"సారిచ్చినారు కదమ్మా. మీ అన్న పెల్లికని నువ్వు బొబ్బిలెల్లినావు సూడు, ఆ రోజు. సిన్న సీసా నా సేతిలో ఎట్టి, ‘ఇది ఝాన్సీ మిగిల్చిపోనాది జగ్గమ్మా, ఆ పిల్ల పేరు సెప్పి ఆ రెండో వరసకి పోసీయ్, ఎక్కడున్నా దానికి అందుతాది’ అన్నారు." గేటు వైపు చూసి గొంతు తగ్గించింది. "‘హైమకి మాత్రం సెప్పకు, ఏడుస్తాది’ అన్నారు."